మంట తగ్గిందా?

మిరపకోతలు మొదలైతే మా ఊళ్లో తల్లులు పసిపిల్లల్ని ముట్టుకోరు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదిది. పొద్దస్తమానం కాయ కోసి, కల్లంలో ఎండుకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరిన చేతులు ఎంత కడిగినా మంట వదలవు. మజ్జిగలో ముంచినా, ఆముదం రాసినా పైపైన చల్లబడినట్టు ఉంటుంది గానీ, ఆ చేత్తో చెంప నిమిరామా, పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. చంటిబిడ్డల తల్లులైతే అత్తో ఆడబిడ్డో బిడ్డను తెచ్చి ఒళ్లో సర్దితే తప్ప పాలు కూడా ఇవ్వలేరు. ఆ మూడు నెలలూ అందరికీ అంతే.

అందరికీ అంతే అని నన్ను నేను వెనకేసుకురావడం లేదు. అందరూ పడే పాట్లే నేనూ పడ్డాను. నేను చేసిన పని మాత్రం మా ఊళ్లో ఇంకే తల్లీ చేసి ఉండదు. నోటితో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతి దాకా చదివిన చదువు కనీసం ఇందుకైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. అంతకు ముందు ఏడు పత్తిని పురుగు తినేసిందని మా ఆయన ఆదెయ్య మూడెకరాల్లోనూ మిరపే వేశాడు. తోట విరగకాసింది. ఒక పక్క కోత, ఒక పక్క కల్లంలో ఆరబోత, తల గోక్కోవడానికి తీరిక లేదు. మా అమ్మాయి శ్రీరమ్యకు నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. మా అత్త గురవమ్మకు చూపు సరిగా ఆనదు. ఆవిడను కల్లం దగ్గర కూర్చోబెడితే తడుముకుంటూ తొడిమలు తీసేది గానీ, పరుగులు పెట్టే పిల్లను పట్టుకోవడం ఆవిడ వల్ల కాదు. అందుకని పిల్లను పక్కింటి ఖాదర్‌బీకి అప్పజెప్పాను.

ఖాదర్‌బీని ఊరంతా బూబమ్మ అనేది. నాకు మాత్రం అక్క. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. మొగుడు పోయి చాన్నాళ్లయింది, పిల్లల్లేరు. పాత చీరలు తెచ్చి ఇస్తే బొంతలు కుట్టి ఇచ్చేది. ఉబ్బసం మనిషి. ఘాటు తగిలితే ఊపిరాడదు కాబట్టి కోతలకు ఎప్పుడూ రాలేదు. ఆ కాలంలో మా వీధి మొత్తానికి మంట లేని ఆడచేతులు ఆవిడవే.

పొద్దున్నే పిల్లను ఆవిడ గడపలో దించేదాన్ని. "నువ్వు పోయిరా పున్నా, నా బంగారాన్ని నేను చూసుకోనా" అనేది. నీళ్లు పోసేది, రెండు జడలు వేసేది, అన్నం కలిపి ముద్దలు పెట్టేది. సాయంత్రం నేను వచ్చేసరికి పిల్ల ముఖాన పౌడరుతో బొంతల మీద కూర్చుని దారపు ఉండలు దొర్లిస్తూ కనిపించేది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి, నాలుగడుగుల దూరంలో టక్కున ఆగి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకునేది. నేను నేర్పిందే అది. మొదటి రోజు మర్చిపోయి నా చేతులు పట్టుకోబోతే గట్టిగా కసిరాను.

"మంట తగ్గిందా అమ్మా?"

"లేదమ్మా."

"రేపు తగ్గుద్దా?"

"కోతలయ్యాక తగ్గుద్ది."

సరేనని తలూపి, నాకు తగలకుండా పక్కనే నడుస్తూ ఇంటికొచ్చేది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. మొదట్లో నాకు హాయిగానే ఉండేది. ఒళ్లు హూనమై వచ్చినదానికి పిల్ల కడుపు నిండి, ముఖం కడిగించుకుని ఎదురొస్తే అంతకన్నా ఏం కావాలి?

మా కోత ముఠాకు పెద్ద రెబ్కా. నోరు పెద్దది, మనసూ పెద్దదే. రెండో కోత నడుస్తుండగా ఒకరోజు సాళ్ల మధ్య నుంచి అరిచింది.

"ఏమక్కా పున్నమ్మక్కా! నిన్న మీ పిల్లని పలకరిచ్చా. మీ అమ్మేదే అంటే ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"'ఏ అమ్మ? ఇంట్లో అమ్మా, కాయలు కోసే అమ్మా' అనడిగింది. ఇంట్లో అమ్మెవరే అంటే బూబమ్మంట!"

చేలో ఉన్న పాతికమందీ ఘొల్లుమన్నారు. "పొరుగింటి పుల్లకూర రుచి గదమ్మా" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కొమ్మకున్న పచ్చికాయలు కూడా తెంపి ఒళ్లో వేసుకున్నాను. రెబ్కా చూసి "పండు కాయ కొయ్యక్కా, పచ్చివెందుకు" అని మళ్లీ నవ్వింది.

ఆ రోజు నుంచి నా కళ్లు మారిపోయాయి. పిల్ల జడలు బిగువుగా ఉంటే ఖాదర్‌బీ మీద కోపం, వదులుగా ఉంటే కోపం. పిల్ల నిద్దట్లో నవ్వితే ఎవరిని తలుచుకుని నవ్విందోనని ఏడుపు. ఇది నాకు నేనుగా ఒప్పుకోవలసిన మాట: నా బిడ్డ సంతోషంగా ఉండటం నాకు కంటగింపైంది.

తర్వాతి వారం పిల్లకు జ్వరం వచ్చింది. సాయంత్రం వేళ మంచం మీద మూలుగుతుంటే నేను దూరంగా నిలబడి నీళ్ల గ్లాసు మంచం కోడు దగ్గర పెట్టి, "తాగమ్మా" అన్నాను. పిల్ల గోడవైపు తిరిగి "బూబమ్మని పిలు" అంది. మా అత్త ఆ మాట విన్నది.

"దిష్టే ఇది. కాకపోతే కన్నతల్లి నీళ్లిస్తే తాగదా?" అంటూ లేచింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకుని, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి అని గొణుగుతూ మూడుసార్లు దిగదుడిచి పొయ్యిలో వేసింది. దిష్టి లేకపోతే కాయ కాలిన ఘాటుకు పొలమారాలి, ఉంటే ఘాటు రాదు. అందరికీ తెలిసిన లెక్కే. ఇద్దరం పొయ్యి ముందు నిలబడి చూశాం. మాకు ఘాటు తగల్లేదు.

రెండు నెలలుగా మిరపలో మునిగి తేలుతున్న ముక్కులు మావి. వాటికి పొయ్యిలో నాలుగు కాయలు ఒక లెక్కా? ఈ మాత్రం ఇంగితం ఆ పూట ఇద్దరికీ లేకపోయింది. మంచం మీద పిల్ల ఖళ్లుఖళ్లున దగ్గింది. జలుబు చేసిందనుకున్నాను. గోడ అవతల ఖాదర్‌బీకి దగ్గు తెర మొదలైంది. ఊపిరి అందక ఎగదోసుకుంటూ ఎంతసేపటికీ ఆపలేకపోయింది. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిన చప్పుడైంది.

మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "విన్నావా? ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. గొడ్రాలి కన్నే అమ్మాయ్. ఇంక పిల్లను అటు పంపమాకు."

నమ్మానా అంటే, నమ్మాలని ఉంది నాకు. వారం రోజులుగా నన్ను తినేస్తున్న దానికి ఆవిడ ఒక మంచి పేరు పెట్టి ఇచ్చింది. ఆ పేరు పట్టుకుని నేను చేసింది చూడండి.

జ్వరం తగ్గిన మర్నాడు పొద్దున పిల్ల తనే జడ రిబ్బన్లు తీసుకుని పక్కింటికి బయలుదేరింది. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"బూబమ్మ నిన్ను రావొద్దంది."

"ఎందుకు?"

"నువ్వంటే ఇష్టం లేదంట. నీ అల్లరి పడలేనంది."

"నేను అల్లరి చెయ్యలేదు."

"చేశావంట."

"ఇంక చెయ్యనని చెప్పమ్మా."

"చెప్పాను. అయినా వద్దంది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నా దగ్గరికే వస్తుంది కదా అనుకున్నాను కూడా. ఏడవలేదు. రిబ్బన్లు తీసుకెళ్లి అలమరలో పెట్టేసి వచ్చింది.

గోడ మీదుగా ఖాదర్‌బీకి ఇంకో అబద్ధం చెప్పాను. పిల్ల మా మీద బెంగ పెట్టుకుంది, ఇవాళ్టి నుంచి మాతోనే కల్లానికి తెస్తామన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"నా వల్ల పొరపాటేమన్నా జరిగిందా పున్నా?"

"అబ్బే, అదేం లేదక్కా."

"జ్వరం పడి లేచింది గదా, సేమ్యా కాచాను. కాస్త పెట్టు." గిన్నె గోడ మీద నుంచి అందించింది. ఇంకా వెచ్చగా ఉంది. ఆవిడ లోపలికి వెళ్లాక దాన్ని గేదె కుడితిలో కలిపేసి, గిన్నె కడిగి గోడ మీద పెట్టాను.

కల్లం పక్కన నాలుగు కర్రలు పాతి గోనెపట్టా కట్టి పిల్లను ఆ నీడలో కూర్చోబెట్టాం. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. కుక్కపిల్ల వచ్చి కాళ్ల దగ్గర తిరిగినా చూసేది కాదు. పైగా సాయంత్రాలు మంట తగ్గిందా అని అడగడం మానేసింది. పది రోజుల్లో ఆ పిల్ల నోటి నుంచి పది మాటలు వచ్చాయో లేదో.

"పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా పోయిందేందక్కా?" అని రెబ్కా అడిగింది.

"బుద్ధిగా ఉంటోందిలే" అన్నాను.

"ఈ ఈడు పిల్లలకి ఇంత బుద్ధి ఉండకూడదక్కా." ఈసారి రెబ్కా నవ్వలేదు.

మూడో కోత రోజు. ఆదెయ్య ఆరిన కాయ వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాడు. ఎండ మాడుస్తోంది. నేను కల్లంలో కాయ తిరగేస్తున్నాను. వెనక నుంచి చిన్న నవ్వు వినబడింది. తిరిగి చూస్తే శ్రీరమ్య. పట్టా కింద నుంచి లేచి వచ్చి, నాలుగడుగుల దూరంలో ఆగకుండా, నా కుచ్చిళ్ల దాకా వచ్చేసింది. రెండు అరచేతులూ చాపి చూపించింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గింజలు అతుక్కుని ఉన్నాయి.

"అమ్మా! చూడు, నాక్కూడా మంటే. బోలెడు కాయలు నలిపాను."

చేతిలో కాయ వదిలేసి వంగి చూశాను.

"ఇప్పుడు నిన్ను ముట్టుకోవచ్చు గదా?"

ముఖం వెలిగిపోతోంది. పది రోజుల తర్వాత నవ్విన ముఖం. నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతోంది. నేను వద్దని అరిచేలోపే ఆ చేతుల్తోనే కళ్లు తుడుచుకుంది.

ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేలోంచి అందరూ పరిగెత్తుకొచ్చి చుట్టూ చేరారు. పిల్ల నేల మీద పడి దొర్లుతోంది. ఒక్కరూ చెయ్యి వేయలేదు, వేయడానికి అంతమందిలో ఒక్క మంచి చెయ్యి లేదు. మా అత్త "ఏమైంది, ఏమైందే" అంటూ గాలిలో తడుముకుంటోంది. రెబ్కా కుండ ఎత్తి, చెయ్యి తగలకుండా పైనుంచి నీళ్లు కుమ్మరించింది.

"చూస్తావేందక్కా! బూబమ్మ దగ్గరికి లగెత్తు!"

పిల్లను మోచేతుల మధ్య అదిమిపట్టి, అరచేతులు దూరంగా పెట్టుకుని ఊళ్లోకి పరిగెత్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ దారి పొడుగునా తెలిసింది. తలుపు కాలితో తన్నాను.

ఖాదర్‌బీ ఒక్క ప్రశ్న వేయలేదు. పిల్లను లాక్కుని ఒళ్లో వెల్లకిలా వేసుకుంది. చల్లటి నీళ్లు చెంబుతో పోస్తూనే ఉంది, పోస్తూనే ఉంది. నా బట్టల ఘాటుకు ఆవిడకు దగ్గు అందుకుంది. దగ్గుతూ, ఆయాసపడుతూ, ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు కడిగింది. చేతులకు ఆముదం పట్టించింది. మెత్తటి గుడ్డ పాలలో ముంచి రెప్పల మీద వేసింది. నేను దగ్గరికి వెళ్తే ఆవిడకు దగ్గు ఎక్కువవుతోందని గుమ్మం బయటే నిలబడ్డాను.

కాసేపటికి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. పిల్ల కళ్లు తెరవలేకపోయినా తడుముకుని ఎవరి ఒళ్లో ఉందో తెలుసుకుంది. తెలియగానే ఒళ్లంతా బిగబట్టి లేవబోయింది.

"నేను పోతాను."

"ఎక్కడికే బంగారం?"

"నన్ను రావొద్దన్నావంటగా. నేనంటే ఇష్టం లేదన్నావంటగా."

ఖాదర్‌బీ చెయ్యి గుడ్డ మీద ఆగిపోయింది. తలెత్తి నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క మాట అనాల్సింది. అబద్ధమాడింది నేనమ్మా అని పిల్లతో అనాల్సింది. అనలేదు.

ఆవిడ మళ్లీ పిల్లవైపు వంగింది.

"అన్నానమ్మా. ఆ రోజు నాకు ఒంట్లో బాగోలేదు. బుద్ధి గడ్డితిని అన్నాను. తప్పు నాదే. ఇంకెప్పుడూ అనను, సరేనా?"

"ఒట్టు?"

"అల్లా మీద ఒట్టు."

పిల్ల మెల్లిగా ఒళ్లు వదులు చేసి ఆవిడ పొట్టలో ముఖం దాచుకుంది. వెక్కుతూనే నిద్రపోయింది.

"మజ్జిగ ఉంది పున్నా, పెరట్లో చేతులు కడుక్కో" అంది నాతో. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు.

ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చుక్కలు వేశాడు. చూపుకేమీ కాలేదు. రెండు రోజులకు వాపు తగ్గింది. ఆదెయ్య వచ్చి ఎలా జరిగిందంటే, ఆడుకుంటూ కాయ నలిపిందని చెప్పాను. మా అత్త "చూశావా, దిష్టి ఎంత పని చేసిందో" అంది. కాదత్తా, నేనే చేశాను అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నాను. పిల్ల మళ్లీ రోజూ రిబ్బన్లు పట్టుకుని పక్కింటికి వెళ్లసాగింది.

ఉగాది దాటాక కోతలు అయిపోయాయి. చేతులు చల్లబడ్డాయి. ఒకరోజు మధ్యాహ్నం తలంటు పోసుకుని, గోళ్లు కత్తిరించుకుని, పిల్లను పిలిచి నా ఒళ్లో కూర్చోమన్నాను. వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఆగి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మంట తగ్గిందా?"

"తగ్గింది, రా."

నమ్మలేదు. వేలి కొసతో నా అరచెయ్యి అంటీ అంటనట్టు తాకి, ఆ వేలిని ముందు తన మోచేతికి రాసుకుని చూసుకుంది. అప్పుడొచ్చి కూర్చుంది. బడికి వెళ్లే రోజుల్లోనూ అంతే, పెద్దమనిషి అయ్యాకా అంతే. ఏ కాలమైనా సరే, నన్ను ముట్టుకునే ముందు అడిగేది. ఇంట్లో అదొక వేళాకోళం అయిపోయింది. ఆదెయ్య కూడా నవ్వేవాడు.

ఖాదర్‌బీ రెండువేల తొమ్మిది శ్రావణంలో ఉబ్బసంతోనే పోయింది. శ్రీరమ్య అప్పటికి గుంటూరు పక్కన నల్లపాడు దగ్గర హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. కబురు తెలిసి వచ్చింది. మూడో రోజు ఆ ఇంటికి వెళ్లి, ఆవిడ బంధువుల దగ్గర కూర్చుని వచ్చాం. వాళ్లు బూబమ్మ కుట్టిన ఒక బొంత పిల్లకిచ్చారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"నన్నెప్పుడూ ఒక్క మాట కూడా అనలేదమ్మా బూబమ్మ. చిన్నప్పుడు ఒక్కసారే రావొద్దంది. నీకు గుర్తుందా?"

"ఏదో కొంచెం."

"ఎందుకన్నదంటావు?"

చెప్పడానికి అంతకన్నా మంచి అదను నాకు ఎన్నడూ దొరకదు. పిల్లకు అర్థం చేసుకునే వయసు వచ్చింది. ఎవరి పేరైతే చెడగొట్టానో ఆ మనిషి మూడు రోజుల కిందటే మట్టిలోకి వెళ్లింది. నోరు తెరిచాను.

"ఒంట్లో బాగోక విసుక్కుని ఉంటదిలే" అన్నాను.

శ్రీరమ్య తల అడ్డంగా ఊపింది. బొంత అంచున ఉన్న కుట్టును వేలితో రాసింది.

"బూబమ్మ ఊరికే విసుక్కునే మనిషి కాదమ్మా. నేనే ఏదో చేసుంటాను. ఎంత ఆలోచించినా ఏం చేశానో గుర్తురావట్లేదు."

పదేళ్లుగా వెతుక్కుంటోందన్నమాట, తను చేయని తప్పును.

నా ముఖం చూసి, నేను ఖాదర్‌బీ కోసం బాధపడుతున్నాననుకుంది పిచ్చిపిల్ల. ఓదార్చడానికి నా వైపు చెయ్యి చాపి, అలవాటు చొప్పున మధ్యలో ఆపి, కన్నీళ్లలోనే నవ్వింది.

"మంట తగ్గిందా?"

శ్రావణమాసం. అప్పటికింకా చేలల్లో మిరపనారు కూడా నాటలేదు. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.